శనివారం తాళం

2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లోని మా ల్యాండ్‌స్కేప్ కంపెనీ నన్ను ఒక చిన్న తోటకు ఇరిగేషన్ ఇంజనీరుగా వేసింది. ఇరిగేషన్ అనగానే కాలువలూ ఆనకట్టలూ అనుకునేరు. నా పరిధి అంతా ఒక ట్యాంకు, నాలుగు పైపులు, మొక్క మొదట్లో చుక్కచుక్కగా నీరు వదిలే డ్రిప్పర్లు.

తోట పెట్టించింది అక్కడి యూదులు. వాళ్ళలో రెండు వర్గాలు. యోసెఫ్ అనే పెద్దాయన వెంట ఉన్నవాళ్ళు నిష్ఠాపరులు. శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా ఏ పనీ ముట్టరు, తమ కోసం ఇంకొకరి చేత చేయించరు. స్కూలు టీచరు తమార్ వెంట ఉన్నవాళ్ళకు ఆ పట్టింపులు లేవు, బీచిలో ప్లాస్టిక్ ఏరడమే వాళ్ళ పూజ. ఒక బల్ల మీద భోంచెయ్యని ఈ రెండు పక్షాలనూ తమార్ కాళ్ళరిగేలా తిరిగి కలిపింది. వాళ్ళ పంచాంగంలో చెట్లకొక పండుగ ఉంది. ఆ రోజు అందరూ కలిసి దానిమ్మ, అంజూర మొక్కలు నాటారు. స్థలమిచ్చిన అరబ్బు షరతు ఒక్కటే: ఎండాకాలం దాటి మొక్కలు నిలిస్తే తోట, లేకపోతే కార్ల పార్కింగు.

నేను టైమర్ పెడదామన్నాను. తమార్ ఒప్పుకోలేదు. పిల్లలు తమ చేత్తో వాల్వ్ తిప్పితేనే నీటి విలువ తెలుస్తుందంది. ఆదివారం నుంచి శుక్రవారం ఉదయం దాకా యోసెఫ్ వాళ్ళు, శుక్రవారం సాయంత్రం, శనివారం తమార్ వాళ్ళు తమంతట తామే నీళ్ళు వదలాలని ఒప్పందం కుదిరింది. మా ఫోర్‌మన్ రసూల్‌ది కడప. మే నుంచి కాపలా అతనిదే.

జూన్ చివర్లో ఒక శనివారం కబురొస్తే వెళ్ళాను. వేడిగాలికి మొక్కలన్నీ మాడిపోయి ఉన్నాయి. ట్యాంకు నిండుగా ఉంది, డ్రిప్పర్లు శుభ్రంగా ఉన్నాయి. మెయిన్ వాల్వ్‌కు మాత్రం ఒక తాళం వేలాడుతోంది.

రసూల్‌ను అడిగాను. "వాళ్ళకు శనివారమంటే మాకు శుక్రవారం జుమ్మా మాదిరి గదా సార్. ఆ పొద్దు పని జరగగూడదని శుక్రవారం మధ్యాన్నమే నేనే ఏసినా. ఆదివారం తెల్లారి తీస్తాండా," అన్నాడు. అతని మొహంలో గర్వమే తప్ప అనుమానం లేదు. వంతుల ఒప్పందం సంగతి అతనికి ఎవరమూ చెప్పలేదు.

తాళం చూసిన తమార్ వాళ్ళు అది యోసెఫ్ వేయించాడనుకున్నారు. మనసు కష్టపెట్టుకుని, గొడవెందుకని వెనక్కి వెళ్ళిపోయారు. ఆదివారం పొడి ఇసుక చూసిన యోసెఫ్ వాళ్ళు అవతలివాళ్ళు మాట తప్పారనుకున్నారు. మర్యాదకు వాళ్ళూ నోరు మెదపలేదు. మే నెలంతా, జూన్ అంతా వారం వారం ఇదే తంతు. ఇంత మర్యాదస్తుల మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు రసూల్ మాడిన మొక్కలు పీకుతుంటే, తాళం సంగతి తెలిసి యోసెఫ్, తమార్ ఇద్దరూ వచ్చి నిలబడ్డారు. ఒక్కమాట అడగాల్సిందని యోసెఫ్ అన్నాడు. మీరూ అడగలేదని తమార్ అంది. తరువాత ఆమె వాల్వ్ దగ్గర కూర్చుని ఏడ్చింది. ఆ ఇద్దరినీ ఒకచోట చూడడం నాకు అదే ఆఖరు.

సెప్టెంబరులో అక్కడ తారు పోశారు.

రిటైరయ్యే దాకా నేను అప్పగించిన ప్రతి తోటలోనూ వాల్వ్ తిప్పేవాళ్ళందరినీ, కాపలావాడితో సహా, ఒకచోట నిలబెట్టి ఎవరి వంతు ఏ రోజో వాళ్ళ నోటితోనే చెప్పించాను. చాలామంది చాదస్తమన్నారు. తాళం మాత్రం మళ్ళీ ఎక్కడా పడలేదు.