ఓబులయ్య ఇంటికి పలకరాయి

రంగూను ఓడతో పాటు సముద్రంలో కలిసిపోయిన మా మార్కాపురం సన్నాయి విద్వాంసుడు ఓబులయ్యను స్మరించుకొన్న పుణ్యదినమిది. దేహం దొరకలేదు గనుక ఆయనకు సమాధి లేదు. భార్యకు దీపం పెట్టుకొనే చోటూ లేదు. అందుచేత ఆయన అద్దెకున్న ఇళ్ల గోడలకు పేరూ, పోయిన తిథీ చెక్కిన పలకరాయి అమర్చ సంకల్పించినాము.

మొదటి ఇంటివారు వద్దన్నారు. రెండవ ఇంటి సుబ్బమ్మ రాతిని చూడగానే గడపకు అడ్డంగా నిలిచినది.

"ఏంది సామీ! సచ్చిన తిథి చెక్కించి నా వాకిట్లో పెడతావా? ఇది కాపురముండే ఇల్లా, వల్లకాడా?"

"పొరపాటే తల్లీ. ఏమి చేయమంటావు?"

"రాయి తిరగేయించు. ఈ అరుగు మీద కూచొని సన్నాయి ఊదినాడని చెక్కించు. అట్లయితే నేనే పసుపు పూస్తా." అంతలో నా వెనుక ప్రమిదతో నిలిచిన ఓబులయ్య భార్యను చూచినది. "ఎండలో ఏంది వదినా, లోపలికి రా!"

రాతిపనివాడు అక్కడే కూర్చుండి రెండవ వైపు చెక్కి, అరుగు పక్క గోడకు అమర్చినాడు. ఓబులయ్య భార్య దాని ముందు దీపం వెలిగించినది. తిథులు గణించి చెప్పే నాకు, తిథి అక్కరలేని చోటు సుబ్బమ్మ చూపినది. ఆమెకు నా నమస్కారం.

ఆయన గిద్దలూరులోనూ కొంతకాలం ఉన్నాడట. ఆ ఇల్లెరిగినవారు దయతో తెలుపగలరు. ఇకమీదట ఈ అరుగున ఆడుకొనే బిడ్డలకు నిండు ఊపిరీ, శ్రుతి తప్పని బ్రతుకూ కలుగుగాక!