శాంతక్క కుడిచేతి వేలు

నాలుగేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. "ఔ" అనే మాట. ఒక్క అక్షరం. ఇంత చిన్నది మోయడం కష్టమా అంటారు మీరు. జొన్నరొట్టె తుంచి నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ అది పంటి కింద రాయిలా తగులుతుంది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నా మీద మాత్రం జాలి పడకండి. జాలి పడాల్సిన మనిషి వేరే ఉంది.

మేం కన్నడ సరిహద్దున శక్తినగర్ క్వార్టర్స్‌లో ఉంటాం. మా ఆయనకు అక్కడి కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీలు. మా బావగారు, ఆయన భార్య శాంతక్క మాన్విలో ఉంటారు. శాంతక్క నాకు తోడికోడలు, నాకంటే పదేళ్లు పెద్ద. బావగారు మంచి మనిషే గాని సంత నుంచి సరైన వంకాయలు కూడా తేలేరు. ఆ ఇంట్లో వ్యాపారమంతా ఆమెదే. పత్తి దిగే రోజుల్లో ధర తక్కువ ఉన్నప్పుడు కొద్దికొద్దిగా కొని వెనక గదిలో నింపేది. గుప్పెడు పత్తి తీసుకుని, వేళ్లతో పోగు లాగి చూసి, అది ఏ ధర పలుకుతుందో చెప్పేది. పెద్ద పెద్ద దళారీలు కూడా ఆమె చెప్పాక బేరం పెంచేవారు కాదు. కొన్నాక ధర పడిందా, ఆమెకు దిగులు లేదు. గదికి తాళం వేసి రొట్టెలు చేసుకునేది. రెండు నెలలకో నాలుగు నెలలకో ధర లేచేది, అప్పుడు అమ్మేది. పదిహేనేళ్లు ఇలాగే కూడబెట్టింది. ఒక పిండి గిర్ని కోసం. బస్టాండు వెనక, తన పేరు మీద, తన పేరే బోర్డు మీద.

నేను బీకాం చదివాను. ఆమె కన్నడ బడిలో ఏడో తరగతి. ఈ సంగతి నేను ఎప్పుడూ మరిచిపోలేదు.

ఫోన్‌లో వీడియోలు చూసి, నోట్సు రాసుకుని ఇంట్రాడే మొదలుపెట్టాను. అంటే పొద్దున కొన్న షేర్లు అదే రోజు అమ్మేయడం. మొదటి వారం లాభం వచ్చింది. అది చాలు కదా, నేను పుట్టుకతోనే దీనికి తగినదాన్నని నమ్మేశాను. మూడో నెలకు మా ఆయన దాచింది చాలావరకు ఊడ్చిపెట్టుకుపోయింది. మాన్విలో అందరం భోజనాల దగ్గర ఉన్నప్పుడు ఆయనే నోరు జారాడు. అత్తగారు తిట్టింది. తిట్టనీ. శాంతక్క మాత్రం రొట్టె వడ్డిస్తూ నవ్వింది. "పట్టి చూడని సరుకుకు ధర కట్టినవా చెల్లె" అంది. పిల్లలతో సహా అందరూ నవ్వారు. అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టు అని సామెత. దాన్ని మొదట అన్నది ఎవరో గాని నాలాంటిదే అయి ఉంటుంది.

ఆ నవ్వులో విషం ఉందా? ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నానో. లేదు. ఆ సాయంత్రం నాకు రొట్టెలు మూటకట్టి ఇచ్చింది, బస్సు కదిలేదాకా నిలబడింది. అయినా నాకు గుర్తున్నది నవ్వే.

మరుసటి ఏడు పత్తి ధర లేవలేదు. అదే సమయానికి బస్టాండు వెనక గిర్ని యజమాని దాన్ని అమ్మకానికి పెట్టాడు. దాని ధరకు శాంతక్క దగ్గర డబ్బు కాస్త తగ్గింది. నేను అప్పటికి లాభం వచ్చిన రోజుల ఫొటోలు మాత్రమే బంధువుల గ్రూపులో పెడుతున్నాను. డబ్బు పోయిన రోజులు నా కడుపులోనే ఉండేవి. ఆ ఫొటోలు నమ్మి ఆమె బస్సెక్కి వచ్చింది. నాకూ నేర్పు అంది. వద్దక్కా, ఇది మన ఇల్లు ముంచే పని అని ఒక్క మాట అంటే ఆమె అదే బస్సులో తిరిగిపోయేది. నేను ఆమె ఫోన్ తీసుకుని ఖాతా తెరిచాను.

కొత్తవాళ్లకు మొదటి రోజే చెప్పాల్సినవి రెండు ఉంటాయి. ధర ఇంతకు పడితే దానంతట అదే అమ్ముడుపోవాలని ముందుగా ఒక గడిలో రాసిపెట్టుకోవాలి. రెండోది ఇంకా ముఖ్యం. ఇంట్రాడేలో మన డబ్బుకు ఐదింతల షేర్లు కొనొచ్చు, కాని మిగతాది ఖాతా ఇచ్చిన బ్రోకరు కంపెనీ డబ్బు. అందుకే మనం అమ్మకపోతే మధ్యాహ్నం మూడు దాటాక వాళ్లే అమ్మేస్తారు. ఏ ధర ఉంటే ఆ ధరకు.

"ఈ ఖాళీ గడి ఎందుకు చెల్లె?" అని అడిగింది.

"అది భయపడేటోళ్లకు అక్కా. ధర పడ్డదని నువ్వు ఎన్నడన్న పత్తి అమ్మినవా?"

"లేదు."

"గిదీ గట్లనే. తాళం ఏసినట్టు అనుకో."

ఆమె ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. వ్యాపారం తెలిసిన మనిషి, అడగాల్సిందే అడిగింది.

"పొద్దుమూకేదాంక ధర లేవకుంటే ఎట్ల? రేపటికి ఆపుకోవచ్చునా? సరుకు నాదే ఉంటదా?"

"ఔ" అన్నాను.

"నీ మీదనే భరోసా. నాకు ఇంగ్లీషు రాదు" అంది శాంతక్క.

ఆ "ఔ" అనేముందు నేను తడబడ్డానా? లేదు. నీళ్లు తాగినంత సులువుగా వచ్చింది. ఒకసారి చెయ్యి కాలితే తెలుస్తుందిలే అనుకున్నానా, సర్వనాశనం కావాలనుకున్నానా? మొదటిదే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. గిర్ని ఆమెకు రాకూడదు. అంతే నేను కోరుకున్నది.

రెండు వారాలు కొద్దికొద్దిగా కొని, లాభం రాగానే అమ్ముకుంది. రోజూ ఫోన్ చేసి సంబరంగా చెప్పేది. తర్వాత గదిలో పత్తంతా అమ్మేసి, గిర్ని కోసం దాచింది కూడా తెచ్చి, ఒకే కంపెనీ మీద ఐదింతలు కొంది. ముందురోజే నాకు చెప్పింది. నేను మంచిదన్నాను.

పొద్దున్నే పడటం మొదలైంది. పదకొండుకు ఫోన్ చేసింది. ఫికర్ చేయకు, అమ్మకుండ ఆపు అని పెట్టేశాను. నా ఫోన్ పచ్చడి జాడీకి ఆనించి, ఆ గీత కిందికి జారుతుంటే చూస్తూ వంట చేశాను. ఏమనిపించింది అని అడగండి. సంతోషం. ఆ రోజు చారు బాగా కుదిరిందని మా ఆయన రెండోసారి పోయించుకున్నాడు.

మూడు దాటాక బ్రోకరు కంపెనీ అమ్మేసింది. ఆమె పదిహేనేళ్ల సొమ్ములో మిగిలింది ఒక గిర్ని రాయికి కూడా చాలదు. మర్నాడు పొద్దున అదే షేరు లేచి, ఆమె కొన్న ధర దాటిపోయింది.

అప్పుడు ఫోన్ చేసింది. ఏడవలేదు. నువ్వు ఆపుమనే చెప్పినవు చెల్లె, నేనే మాటిమాటికీ తీసి చూసిన, నా వేలు తగిలి అమ్ముడుపోయినట్టున్నది అంది. ఇంగ్లీషులో ఏదో మెసేజ్ వచ్చిందని నాకు పంపింది. సమయం మించినందున బ్రోకరు కంపెనీయే అమ్మింది అని అందులో స్పష్టంగా ఉంది. చదివాను. ఏమీ లేదక్కా, ఊరికే వచ్చేదే అన్నాను. మొదటిసారి కోపంలో చేశానని మీరు క్షమించినా, ఈ రెండోదాన్ని ఏం చేస్తారు?

ఇంట్లో అందరూ ఆమెనే అన్నారు. చేతికందింది వేలితో పోగొట్టిందని అత్తగారు చుట్టాలందరికీ చెప్పింది. చెల్లె సక్కగనే చెప్పిందని శాంతక్క నన్ను వెనకేసుకొచ్చింది. నేను అక్కడే కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. తడి లేని కళ్లు.

గిర్ని వేరేవాళ్లు కొన్నారు. శాంతక్క అందులోనే కూలికి పిండి పడుతుంది. నెలనెలా నాకు జొన్నపిండి మెత్తగా పట్టి బస్సులో పంపిస్తుంది. పత్తి ఎవరైనా తెచ్చి చూపినా పోగు లాగదు. ఫోన్ ఎడమచేత్తోనే నొక్కుతుంది. పిల్లలు నవ్వుతారు.

పోయిన వారం గిర్నికి వెళ్లాను. మోచేతుల దాకా పిండితో ఉంది. ఆమె ఫోన్ మోగింది. "జర నువ్వు ఎత్తు చెల్లె, నా చెయ్యి మంచిది కాదు" అంది. ఎత్తి ఆమె చెవి దగ్గర పట్టుకున్నాను. మాట్లాడినంతసేపూ పట్టుకునే ఉన్నాను. అప్పుడు చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. చెబితే ఆమె చెయ్యి ఆమెకు తిరిగొస్తుంది, నా కాపురంలో నా మొహం మిగలదు. ఏది కావాలో నాకు తెలుసు, ఇప్పుడూ అదే ఎంచుకుంటున్నాను. రేపు బస్సులో పిండి వస్తే తీసుకుంటాను.

మీకైతే చెప్పాను. రాసేసరికి కాస్త ఊపిరాడింది, దాచను. శాంతక్క వేలు ఆ రోజు దేనికీ తగల్లేదు.