వెర్నెల్ తలగుడ్డ

శవాలను ముస్తాబు చేసి సాగనంపే మా ఫ్యూనరల్ హోమ్‌లో చేరిన మొదటి వారమే డార్సీ, పాస్టరు గారి భార్య శవం తలమీద నీళ్ళు చల్లింది. శవపేటికలో పడుకున్న ఆవిడ జుట్టును నేను గంటన్నరపాటు వేడి దువ్వెనతో సాపు చేశాను. చుక్క నీరు పడితే మా నల్లవాళ్ళ జుట్టు మళ్ళీ ముడుచుకుపోతుందని ఆ తెల్లపిల్లకు తెలియదు. ఆవిడను కడసారి చూడ్డానికి జనం వచ్చే వేళయింది.

"ఓసి దిక్కుమాలినదానా! నీకు జుట్టు పని లైసెన్సు ఎవరిచ్చారే?"

"పరీక్షలో ఇలాంటి జుట్టు పెట్టలేదండీ, మిస్ ఒడెట్," అంది ఏడుస్తూ.

నిజమే. నలభై ఏళ్ళ కిందట నేనూ ఆ పరీక్షకే వెళ్ళాను. బల్లమీది బొమ్మతలకు తెల్లవాళ్ళ బంగారు రంగు, సాపు జుట్టు. వాళ్ళ జుట్టు దువ్వడం నాకు రావాలి, మా జుట్టు దువ్వడం వాళ్ళకు రాకపోయినా ఫరవాలేదు. పరీక్ష మార్చమని ఆ పరీక్షలవాళ్ళకు ఉత్తరాలు రాసి రాసి విసిగిపోయాను. ఒక్కదానికీ జవాబు లేదు.

తిట్టినదాన్ని నేనే కదా, నేర్పక చస్తానా? ప్రతి సోమవారం డార్సీని మా వంటింటికి రమ్మన్నాను. నేర్చుకోవడానికి మా చెల్లెలు వెర్నెల్ తన తల ఇచ్చింది.

"నా చెవి కాల్చావంటే కోర్టుకీడుస్తా, పిల్లా!" అంది వెర్నెల్. నెల తిరక్కుండానే డార్సీ ఆమె కుడిచెవి పైన కాల్చనే కాల్చింది. ఆ మచ్చను వెర్నెల్ ఊరందరికీ చూపించేది. "చూశారా, డార్సీ సంతకం!"

మూడో ఏట డార్సీ పరీక్షలవాళ్ళ ముందు నిలబడి నా ఉత్తరాల నకళ్ళు నా పేరుతో సహా చదివింది. తను పాడుచేసిన తల సంగతీ దాచలేదు. మరుసటి ఏడు పరీక్షలో రెండో బొమ్మతల పెట్టారు, మాలాంటి జుట్టుతో. మాటలు నావే, వాళ్ళకు వినిపించింది మాత్రం ఆమె గొంతు. నాకు సంతోషమూ కలగలేదు, కోపమూ రాలేదు.

మొన్న మార్చిలో వెర్నెల్ పోయింది. నాకు ఏడుపు రాలేదు. దువ్వెన పట్టుకుంటే చెయ్యి లేవలేదు. ఒక్కటే భయం, నా చెల్లెలు నా చెల్లెలిలా కనబడదేమోనని.

"నేను చేస్తాను, మీరు ఇంటికెళ్ళండి," అంది డార్సీ.

మర్నాడు జనం రాకముందే వెళ్ళాను. ఊదారంగు గౌనులో వెర్నెల్, తలకు మాత్రం పడుకునేటప్పుడు కట్టుకునే పట్టు గుడ్డ. నాలుగు రోజుల్లో మొదటిసారి ఒళ్ళు మండింది.

"ఏమే! నా చెల్లెల్ని తలగుడ్డతో చర్చివాళ్ళకు చూపిస్తావా?"

"బయట వానండీ. తేమ తగలకూడదని మీరేగా చెప్పారు," అంది. గుడ్డ ముడి నావైపు తిప్పి, "విప్పాల్సింది నేను కాదనిపించింది," అంది.

ముడి విప్పాను. ఎడమ పాపిడి, చెవుల మీదికి రెండు వంపులు, అచ్చం వెర్నెల్. కుడి వంపును కాస్త పైకెత్తి దువ్వింది. దాని కింద మచ్చ. కప్పడానికి పౌడరు చేతికందేంత దూరంలోనే ఉంది.

"దీన్ని కప్పలేదేం?"

"కప్పితే మిస్ వెర్నెల్ ఊరుకుంటారా?"

ఊరుకోదు. నేను డార్సీ భుజం పట్టుకుని ఏడ్చాను.