రిఫరీ గున్నయ్య తాగని తరవాణి

గున్నయ్య తాతకి రెండే ప్రాణాలు. ఒకటి మెడలో నల్లతాడుకి వేలాడే విజిలు, రెండోది బొడ్డమ్మ నానమ్మ. ఏది ముందు, ఏది తరవాత అని ఎవరైనా అడిగితే టక్కున విజిలు నోట్లో పెట్టేసుకునేవాడు. నోట్లో విజిలున్న మనిషి జవాబు చెప్పలేడు కదా.

ఆ విజిలు ఊరి బళ్ళో డ్రిల్లు మేస్టారు బదిలీ మీద వెళ్ళిపోతూ తాతకి ఇచ్చింది. తాత గొప్ప ఆటగాడు కాబట్టి ఇచ్చాడనుకుంటే పొరపాటు. వయసులో ఉన్నప్పుడు తాత కబడ్డీలో కూతకి వెళితే, అవతలి వాళ్ళు పట్టుకునే లోపలే ఊపిరి అయిపోయి తనంతట తనే ఆగిపోయేవాడట. "ఈడు ఆడితే మనం ఓడిపోతాం. విజిలిచ్చి బయట నిలబెడితే ఊరు పరువు దక్కుతాది" అని మేస్టారు అనుకున్నాడని నానమ్మ చెప్పేది. ఆవిడ చెప్పేవాటిలో సగం తాతని ఉడికించడానికే.

కానీ గీత పక్కన నిలబడ్డాక తాత వేరే మనిషి. కూత తెగింది ముందా, వేలు గీతని తాకింది ముందా అన్నది కళ్ళతో ఒకటీ చెవులతో ఒకటీ పట్టేవాడు. ఎవరి మొహమూ చూసేవాడు కాదు. కంచిలి నుంచి టెక్కలి దాకా ఏ ఊళ్ళో కబడ్డీ పోటీ పెట్టినా జీడితోట పని వదిలేసి, కాన్వాసు బూట్లు సైకిలు హాండిలుకి తగిలించి బయలుదేరేవాడు.

ఇంట్లోనూ అదే విజిలు. కోడి గుమ్మం ఎక్కితే ఒక ఊదు. మేక బీరపాదు వైపు చూస్తే ఒక ఊదు. కూరలో ఉప్పెక్కువైతే ఊది నానమ్మ వైపు వేలు చూపించేవాడు.

"ఈ మనిసి నన్ను పెళ్ళాడినాడా, కబడ్డీ పార్టీలో సేర్సుకున్నాడా?" అని నానమ్మ గరిటె ఎత్తేది.

ఆట జరిగే చోట ఎవరి చేతి నీళ్ళూ తాగకూడదన్నది తాత నియమం. అదేమీ పుట్టుకతో వచ్చింది కాదు, తిట్లు తిని నేర్చుకున్నది. ఎప్పుడో మూలపేట వైపు ఒక పోటీలో దాహానికి ఆగలేక ఒక పార్టీ వాళ్ళు కొట్టిచ్చిన కొబ్బరిబోండాం తాగాడు. ఆ పార్టీ న్యాయంగానే గెలిచింది. ఓడినవాళ్ళు ఊరుకుంటారా? తాత సైకిలెక్కి ఊరు దాటేదాకా "బోండాం తీర్పు! బోండాం తీర్పు!" అని వెంటపడ్డారు. ఆ తరవాత చాన్నాళ్ళు సంతలో బోండాలు కొట్టేవాడు ఎదురైనా తాత తల పక్కకి తిప్పుకునేవాడు.

అప్పట్నుంచి ఆటకి ఇంటి సీసాయే. అందులో తరవాణి, అంటే కుండలో పులిసిన పాత గంజినీళ్ళు, ఇంత ఉప్పు. నానమ్మ నింపి ఇచ్చేది, తాత గుక్క గుక్కగా ఆట పొడుగునా తాగేవాడు. రోళ్ళు పగిలే ఎండలో కూడా ఆయన కాళ్ళు కొబ్బరిమానుల్లా నిలబడేవి.

రెండువేల నాలుగులో, ఎండలు ముదురుతున్నప్పుడు, నానమ్మ కాళ్ళు వాచాయి.

ఉద్దానంలో కాళ్ళు వాచాయంటే కిడ్నీలేనని అందరికీ తెలుసు, ఏమైందని ఎవరూ అడగరు. ఎప్పట్నుంచి అని మాత్రం అడుగుతారు. నీళ్ళ వల్లనే అని ఒకరు, తోటలకి కొట్టే మందుల వల్లనే అని ఒకరు, మన ఖర్మ అని ఇంకొకరు. ఎవరి మాట వాళ్ళది. రోగం మాత్రం అందరిదీ. వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చిన చుట్టాలు కూడా చూసిపోయి, ఓదార్చడానికి మాట దొరక్క, మామిడికాయలు అక్కడ పెట్టి వెళ్ళిపోయారు.

తాత ఆవిణ్ణి పలాసలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన కాగితాలన్నీ చూసి, బల్ల మీదున్న చిన్న స్టీలు గ్లాసు తీసి చూపించాడు. ఇంతకు మించి ఇన్నిసార్లు తాగొద్దు, ఉప్పు బొత్తిగా వద్దు అన్నాడు. తరవాత తాత పెదాల పగుళ్ళు చూసి, ఏం పని చేస్తావని అడిగాడు. ఎండలో కబడ్డీ రిఫరీ అని తెలిశాక తాతకీ ఒక తీర్పు చెప్పాడు: "నువ్వు బాగా తాగాలి. దాహం వేసేదాకా ఆగకూడదు. ఉప్పు వేసుకుని కొంచెం కొంచెంగా తాగుతూ ఉండు. లేకపోతే పిక్కలు పట్టేస్తాయి."

బయటికొచ్చాక నానమ్మ ఆటో కోసం ఎదురుచూస్తూ అంది: "ఒక గదిలో మొగుడికో తీర్పు, పెళ్ళానికో తీర్పు. ఈ డాట్రు నీ సేతి బోండాం తాగినాడేటి మావా?"

తాత నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

ఇంట్లో ఒకటే కుండ. నానమ్మ దానికి ఎదురుగా కూర్చుని, తన గ్లాసులో మిగిలిన అడుగు నీళ్ళని పొద్దు వాలేదాకా దాచుకునేది. తడిగుడ్డ పెదాలకి అద్దుకునేది. తాత కుండ మూత తీస్తే ఆవిడ చూపు తెలియకుండానే అటు తిరిగేది. మూత పెట్టేదాకా తిరిగే ఉండేది. అందుకని తాత కుండ జోలికి వెళ్ళడం మానేశాడు. పొలంలో తాగొచ్చానని చెప్పేవాడు. పొలంలో బోరింగు చెడిపోయిన సంగతి నానమ్మకి తెలియదని ఆయన నమ్మకం.

పోటీల సీజను వచ్చింది. నడివేసవిలో సముద్రం మీద వేట ఆపుతారు. అటు వలల వాళ్ళకి ఖాళీ, ఇటు జీడిపిక్కల ఏరుడు అయిపోయి తోటల వాళ్ళకి ఖాళీ. ఇక ఆటలే ఆటలు. తాత బయలుదేరే ప్రతిసారీ నానమ్మ సీసా నింపేది. ఉప్పు వేసి, కలిపి, సరిపోయిందో లేదో అని ఒక చుక్క నాలుక మీద వేసుకునేది. కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉండేది. తరవాత గుమ్మం పక్కకి వెళ్ళి ఉమ్మేసేది.

"సరిపోనాది. ఎల్లిరా" అని సీసా చేతికిచ్చేది.

ఆ ఉమ్మే చప్పుడు తాతతో పాటు సైకిలెక్కేది. ఊరు దాటినా వదిలేది కాదు. మొదటిసారి మూత తీసి నోటి దాకా తెచ్చాడు, గొంతు దిగలేదు. పారబొయ్యడానికి మనసు రాలేదు. ఇంటికి తిరిగి తెస్తే ఆవిడ ఊరుకోదు. మలుపులో పక్కింటి సన్యాసమ్మ వేసిన కొబ్బరిమొక్క ఒకటి వడిలిపోయి ఉంది. కొబ్బరికి ఉప్పు మంచిదని ఉద్దానంలో పసిపిల్లకి కూడా తెలుసు. తాత చుట్టూ చూసి, సీసా దాని మొదట్లో వంపేశాడు.

ఆ తరవాత ప్రతి ఆటకీ అంతే. మొక్క తాగేది, తాత తాగేవాడు కాదు. ఆటలో నాలుక అంటుకుపోతే విజిలు చప్పరించేవాడు. బూట్లో చిటికెన వేలు పక్క వేలి మీదికెక్కి కూర్చుంటే నేలకేసి తన్నేవాడు. చూసేవాళ్ళు, రిఫరీకి కోపమొచ్చిందని ఆటగాళ్ళని అదుపులో పెట్టుకునేవారు. ఆ రకంగా తాతకి మర్యాద పెరిగింది.

ఆఖరి ఆట పలాస బయట ఎండిన పొలంలో పెట్టారు. వజ్రపుకొత్తూరు వలల కుర్రాళ్ళు ఒకవైపు, కంచిలి తోటల కుర్రాళ్ళు ఒకవైపు. పోటీ పెట్టిన ఢిల్లీరావు పందిరి కింద కప్పు తుడుస్తూ కూర్చున్నాడు. ఆట మధ్య విరామంలో ఒకవైపు వాళ్ళు మజ్జిగ, ఇంకోవైపు వాళ్ళు బోండాం పట్టుకొచ్చారు.

"తాగు మావా, నీ మొకం సూడు, ఎండుసేపలాగ అయిపోనాది" అన్నాడు వలల వాళ్ళ కూతగాడు మన్మథరావు.

"నాకు ఇంటికాణ్ణించి ఉన్నాది" అని తాత సీసా ఎత్తాడు. ఖాళీ సీసా. అయినా తల వెనక్కి వాల్చి, గుటకలు వేసి, మూతి తుడుచుకున్నాడు. వయసులో ఉండగా ఈ నటన వచ్చి ఉంటే నాటకాల్లో వేషమిచ్చేవారు.

ఆట చివరికి రెండు పార్టీలూ సమానమయ్యాయి. మన్మథరావు ఆఖరి కూతకి వెళ్ళాడు. వెళ్ళి ఒకణ్ణి తాకి వెనక్కి తిరిగేసరికి కంచిలి వాళ్ళు నడుం పట్టుకున్నారు, కాళ్ళు పట్టుకున్నారు. అతను కూత ఆపకుండా, బొక్కబోర్లా పడి, చెయ్యి నడిగీత వైపు చాపాడు. ఆ వేలికీ సున్నపు గీతకీ మధ్య ఏముందో చెప్పాల్సింది లోకంలో ఒక్కడే. తాత పరుగెత్తి గీత మీదికి వంగాడు.

అప్పుడే పిక్క పట్టేసింది.

పట్టెయ్యడమంటే అలా ఇలా కాదు. కండ రాయిలా బిగిసి, మోకాలి వెనక ఎవరో తాడు మెలితిప్పినట్టయింది. తాత కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆ మరుక్షణం మోపులా కూలాడు. కళ్ళు తెరిచేసరికి కూత లేదు. మన్మథరావు చెయ్యి తన పొట్ట కింద ఉంది. గీత ఎక్కడా లేదు. సున్నమంతా ఆయన చొక్కాకి అంటుకుంది.

"తాకీసింది!"

"తాకనేదు! కూత ముందే తెగిపోనాది!"

వలల వాళ్ళొకరు కాలు పిసకడానికి వంగారు. కంచిలి వాళ్ళు తోసేశారు. "నువ్వు ముట్టుకోకు, నీవైపు సెప్పించుకుందామనా?" కంచిలి వాళ్ళు వంగితే వలల వాళ్ళు తోశారు. పిక్క ఎవరికీ కాకుండా మధ్యలో కొట్టుకుంటూనే ఉంది. తాత రెండు చేతులతో దాన్ని పట్టుకుని, నోరు తెరిచి, అరుపు రాక అలాగే ఉండిపోయాడు.

ఢిల్లీరావు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "సెప్పు గున్నయ్య మావా. అవుటా, కాదా?"

ఏదో ఒకటి చెప్పేస్తే అయిపోయేది. ఏది చెప్పినా సగం మంది భుజాల మీద ఎత్తుకునేవారు. తాత నేల చూశాడు. "నాను సూణ్ణేదు" అన్నాడు.

వెనకనుంచి ఎవడో, "ఓర్నాయనో, రిఫరీయే అవుటు!" అన్నాడు. పొలమంతా నవ్వింది. బోండాం తీర్పు అని తిట్టినప్పుడు కూడా తాతకి అంత చిన్నతనం అనిపించలేదు.

ఢిల్లీరావు తనే ఆటోలో ఎక్కించి, సైకిలు పైన కట్టించి, ఇంటి దగ్గర దింపాడు. నానమ్మ ముందరే చెప్పాడు: "వచ్చే ఆదివారం మళ్ళీ ఆడిత్తాం. నీ కాళ్ళు నిలబడతాయంటే నువ్వే మావా. నేదంటే టెక్కలి కాణ్ణించి ఇంకొకణ్ణి తెత్తాను. నన్ను తప్పట్టుకోకు." అతని మాటలో తప్పేమీ లేదు. అందుకే తాతకి ఇంకా బాధ.

నానమ్మ ఆముదం వెచ్చ చేసి పిక్కకి రాస్తూ కూర్చుంది.

"తరవాణి తాగినావా?"

"తాగీసినాను."

"ఉప్పు సరిపోనాదా?"

"సరిపోనాది."

"మరెందుకు పట్టీసింది?"

"ముసిల్దనం."

మర్నాడు పొద్దున్న సన్యాసమ్మ నాలుగు వంకాయలు కొంగులో పట్టుకుని వచ్చింది. తాత ఆవిణ్ణి చూసి విజిలు నోట్లో పెట్టేసుకున్నాడు.

"వొదినా, మీ ఆయనకి దండమెట్టాలి" అంది సన్యాసమ్మ. "మలుపు కాడ నా కొబ్బరిమొక్క పోనాదనుకున్నాను. ఎల్లినప్పుడల్లా ఇంత ఉప్పుతరవాణి ఒంపుతన్నాడంట, మేకలోలు సెప్పినారు. ఎంత సిగురేసిందో ఎల్లి సూడు!"

ఆవిడ వెళ్ళిపోయాక నానమ్మ చాలాసేపు వంకాయలకేసి చూసింది. అరుస్తుందని తాత ఎదురుచూశాడు. అరిచి ఉంటే బాగుండేది.

"నోట్లో ఏసుకున్నది ఉమ్మీడం ఎంత కట్టమో నీకు తెలుసా మావా?"

తాత నోట్లోంచి విజిలు తీశాడు.

"గొంతు లాగుతాది. మింగీ, మింగీ అంటాది. అయినా ఉమ్మీసినాను. ఎందుకు? నీకు ఉప్పు తక్కువవకూడదని. నువ్వు దాన్ని సన్యాసమ్మ మొక్కకి పోసినావు."

"నీ ముందర నాకు దిగదే" అన్నాడు తాత. "నువ్వు నోరెండబెట్టుకుని ఉంటే నానెలగ తాగుతాను?"

"నువ్వు తాగకపోతే నా వాపు తగ్గుతాదా?"

తాత తల అడ్డంగా ఊపాడు.

"మరి? నాకెలాగూ కాళ్ళు నేవు. నీవీ పడగొట్టుకుంటే నన్ను ఆసుపత్రికి ఎవులు మోత్తారు, కొబ్బరిమొక్కా?"

లేవలేక లేచి, కుండలోంచి చెంబు నిండా తరవాణి ముంచి, ఉప్పేసి తెచ్చింది. ఈసారి రుచి చూడలేదు. "నా ముందర తాగు. నాను సూత్తాను."

తాత సగం తాగి ఆగిపోయాడు. నానమ్మ చెయ్యి చాపి ఆయన మెడలోని విజిలు లాక్కుంది. తాడు ఆయన మెడకే ఉంది. అందుకని ఆయన దగ్గరికి ఒరిగి ఊదింది. ఆయాసం మనిషి, గాలి సరిగ్గా పోలేదు. తుస్సుమని చిన్న చప్పుడొచ్చింది. గుమ్మంలో కోడి తల కూడా తిప్పలేదు.

"ఫౌలు" అంది. "మళ్ళీ తాగు."

తాత తాగాడు. ఆయన గొంతు కదిలినప్పుడల్లా ఆవిడ గొంతు కూడా కదిలింది, ఉత్తినే. తాత అది చూశాడు. చూసి ఆపడానికి వీల్లేదు, ఆపితే విజిలు. ఎన్ని ఆటలకి నిలబడ్డాడో గానీ, అంత కష్టమైన తీర్పుకి ఎప్పుడూ లొంగలేదు. ఆ వారమంతా పొద్దునా, మధ్యాన్నం, సాయంత్రం అదే ఆట.

ఆదివారం తాత వెళ్ళాడు. మలుపులో కొబ్బరిమొక్క దగ్గర ఆగలేదు. ఆట పొడుగునా ఆయన సీసా ఎత్తడం రెండు పార్టీలూ చూశాయి. కాళ్ళు నిలబడ్డాయి. ఆఖరి కూతలో కంచిలి కుర్రాడు దొరికిపోయాడు. తాత కళ్ళారా చూసి విజిలు ఊదాడు. కప్పు వజ్రపుకొత్తూరు వెళ్ళింది. ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి నానమ్మ గోడకి జారబడి కూర్చుని ఉంది. కాళ్ళ వాపు పొద్దుటి కంటే పైకెక్కింది. అయినా ముందు అడిగింది అదే: "తాగినావా?"

తాత సీసా మూత తీసి, ఆవిడ ఎదురుగా తలకిందులు చేశాడు. అడుగున మిగిలిన ఒక్క చుక్క జారి, అంచు దగ్గర ఆగి, మట్టిలో పడింది. అది ఇంకిపోయేదాకా ఇద్దరూ దాన్నే చూస్తూ ఉండిపోయారు.