లెక్కల మాస్టారికి మందారం, నాకు మానిటరు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా ప్రిన్సిపాల్ గారు విశాఖపట్నంలో ఏదో మీటింగుకి వెళ్లి, ఒక ఆలోచనతో తిరిగొచ్చారు. ఆయన మీటింగుకి వెళ్లారంటే మాకు భయమే. ఒకసారి వెళ్లొచ్చి కాలేజీ గోడలన్నిటికీ పసుపు రంగు వేయించారు. మరోసారి వెళ్లొచ్చి, స్టాఫంతా పొద్దున్నే ప్రాణాయామం చేయాలన్నారు. ఈసారి ఏకంగా కొత్త డిగ్రీ.

"జీవశాస్త్రం, కంప్యూటరూ కలిపి మూడేళ్ల బీయెస్సీ పెడదామండీ. సిలబస్ మనమే రాసుకుని యూనివర్సిటీకి పంపాలి. మీరూ, మాస్టారూ కూర్చుని నెలరోజుల్లో తేల్చేయండి," అన్నారు నాతో.

నేను బోటనీ లెక్చరర్ని. అప్పటికి రాజమండ్రిలో ఇంటర్ పాసైన ప్రతి పిల్లా ఇంజనీరింగ్ వైపు పరిగెత్తేది. నా క్లాసులో వెనక బెంచీలు ఖాళీ అయిపోయి, ముందు బెంచీలకు కూడా ఆ జబ్బు పాకుతోంది. కాబట్టి కాదనే ధైర్యం లేదు. బాధల్లా మాస్టారితోనే.

మాస్టారంటే మా కంప్యూటర్ విభాగం హెడ్డు. అసలు ఆయన లెక్కల మనిషి. ఆరు నెలల డిప్లొమా ఏదో చేసి కంప్యూటర్లలోకి మారారు. మారినప్పటి నుంచి మాతో మాట్లాడే తీరే వేరు. నిడదవోలు నుంచి రోజూ పాసింజర్లో వచ్చేవారు. స్టాఫ్ రూములో పదహారేళ్లుగా ఆయన కుర్చీ, నా కుర్చీ పక్కపక్కనే. ఆ పదహారేళ్లలో మా ఇద్దరి మధ్య జరిగిన సంభాషణంతా ఫ్యాన్ గురించే. ఆయనకి వేగంగా తిరగాలి, నా కాగితాలు ఎగిరిపోకూడదు.

మొదటి రోజే గొడవైంది.

"ముందు ప్రోగ్రామింగ్ రావాలండీ. ఆ తర్వాత మీ మొక్కలు ఎప్పుడైనా చెప్పుకోవచ్చు," అన్నారాయన.

"కణం అంటే ఏంటో తెలియనివాడు దేని మీద రాస్తాడండీ ప్రోగ్రాం?"

"కణమంటే ఏముందండీ, చిన్న గది. మధ్యలో ఒక చుక్క."

ముప్ఫై ఏళ్ల వృక్షశాస్త్రాన్ని ఆయన ఒక చుక్కలో తేల్చేశారు. నాకు ఒళ్లు మండింది. కానీ ఆయన వెంటనే, "మరి మీకు ఫైలంటే ఏంటో తెలుసాండీ?" అని అడిగారు. నేను బీరువా వైపు చూపించాను. ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రమే ఒప్పందం కుదిరింది. మూడు వారాలు ఆయన నా ల్యాబులో విద్యార్థి, నేను ఆయన ల్యాబులో విద్యార్థిని. ఇంట్లో చెబితే మావారు పేపర్లోంచి తల కూడా ఎత్తకుండా, "మిక్సీ ఆగిపోతే నన్ను పిలుస్తావు, నువ్వు కంప్యూటర్ నేర్చుకుంటావా?" అన్నారు.

కంప్యూటర్ ల్యాబు మా కాలేజీలో గర్భగుడి లాంటిది. చెప్పులు బయట విడవాలి. కిటికీలకి తెరలు, యంత్రాలకి గుడ్డ తొడుగులు. ఏసీ చలికి నేను కొంగు కప్పుకుని కూర్చునేదాన్ని. అటూ ఇటూ నా సెకండియర్ పిల్లలే. నిన్న నా దగ్గర పరీక్ష పేపర్లో ఎర్ర సిరా తిన్న పిల్ల, ఈరోజు నాకు మౌస్ ఎలా పట్టుకోవాలో చూపిస్తోంది. "గట్టిగా నొక్కకండి మేడమ్, అది పారిపోదు," అంది. ఆ పిల్ల మొహంలో ఆనందాన్ని నేను చూడనట్టే ఉన్నాను.

రెండో వారంలో నా మొదటి ప్రోగ్రాం రాశాను. ఒక డీఎన్ఏ వరుసలో జి అనే అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాలి. రన్ చేస్తే స్క్రీన్ నిండా జి, జి, జి అని పారుతూనే ఉంది. ఆగదు. మాస్టారు వచ్చి నా వెనక చేతులు కట్టుకుని నిలబడ్డారు. "లూపుకి ముగింపు చెప్పలేదండీ మీరు. ఎక్కడ ఆపాలో మీరు చెప్పకపోతే అది ఆపదు," అన్నారు ఎంతో శాంతంగా. ఆ శాంతమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

అయితే నా వంతు కూడా వచ్చింది. మందారం కాడ ఇచ్చి, బ్లేడుతో పలచగా అడ్డంగా కోసి మైక్రోస్కోప్ కింద చూడమన్నాను. ఆయన కోసిన ముక్కలు ఆవకాయకి పనికొస్తాయి. నాలుగో ప్రయత్నంలో వేలు తెగింది. వేలికి కట్టుతోనే బొమ్మ వేశారు. కణానికి ఒక పక్క 'లోపలికి', ఇంకో పక్క 'బయటికి' అని బాణాలు పెట్టి, కంప్యూటర్ పుస్తకాల్లో బొమ్మలాగా చుట్టూ స్కేలుతో డబ్బా గీశారు. నేను పదికి నాలుగు వేశాను. ఆయన కట్టు వేలు చూపిస్తూ ఒక మార్కు కలపమని అడిగారు. కలపలేదు.

నెలాఖరుకి సిలబస్ తయారైంది. సగం నాది, సగం ఆయనది, గీత గీసి పంచుకున్నట్టుగా. ఇద్దరం విశాఖపట్నం రైలెక్కి యూనివర్సిటీ కమిటీ ముందుకు వెళ్లాం. అక్కడ జీవశాస్త్రం పెద్దాయన పేజీలు తిప్పి, ఇందులో కంప్యూటర్ ఎక్కువైందన్నారు. కంప్యూటర్ పెద్దాయన, మొక్కలు ఎక్కువయ్యాయన్నారు. ఈ రెండింటికీ మా దగ్గర జవాబులున్నాయి. జవాబు లేని ప్రశ్న మూలన కూర్చున్న ఒకావిడ అడిగారు.

"ఈ రెండూ కలిసే పేపరు ఏదండీ? మీరు కలపలేదు, పక్కపక్కన పెట్టారు. పిల్లలు ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతారంతే కదా?"

మాస్టారు నా వైపు చూశారు. నేను పైకప్పు వైపు చూశాను. మళ్లీ రాసుకుని రమ్మని పంపించేశారు.

తిరుగు రైల్లో తుని దాకా సిలబస్ పేజీలే మళ్లీ మళ్లీ తిప్పాను. నాకు సిగ్గుగా ఉంది. ఆవిడ అన్నది నిజం. మూడు వారాలు ఒకరి తప్పులు ఒకరం లెక్కపెట్టుకున్నాం గానీ, కలిసి ఒక్క ఆలోచన చేయలేదు. తునిలో టీ తాగాక మాస్టారు ఉన్నట్టుండి అడిగారు.

"మేడమ్ గారూ, నాకో సందేహమండీ. యంత్రంలో తప్పు జరిగితే స్క్రీన్ మీద ఎర్రర్ అని వస్తుంది. మొక్కలో తప్పు జరిగితే ఎక్కడొస్తుంది?"

నవ్వబోయి ఆగాను. "ఆకు మీద వస్తుందండీ. మచ్చలు, పసుపు రంగు, ముడతలు. మేం చదివేది అవే."

"అయితే అవి చదవడం యంత్రానికి నేర్పొచ్చు కదండీ?"

సామర్లకోట వచ్చేసరికి తిరస్కరించిన సిలబస్ వెనక వైపు నిండిపోయింది. మూడో సంవత్సరం ప్రతి విద్యార్థీ తన ఊళ్లో ప్రాణమున్న దేన్నయినా, వరో చేపో కోడో, తీసుకుని దాని సమస్య ఒకటి పట్టుకోవాలి. బయట తిరిగి వివరాలు రాసుకుని, ల్యాబులో దానికి ప్రోగ్రాం కట్టాలి. మార్కులు మేమిద్దరం కలిసే వేయాలి. ఇద్దరం ఒకేసారి మాట్లాడుతుంటే ఎదుటి సీటావిడ మేం ఆస్తి పంచుకుంటున్నామనుకుని, "గొడవపడకండి బాబూ, పిల్లలు చూస్తున్నారు," అంది.

రెండోసారి కమిటీ ఒప్పుకుంది.

ఇక అడ్మిషన్లు. పెద్దాపురం నుంచి వచ్చిన ఒక తండ్రి అరగంట విని, "ఇంతకీ మావాడు డాక్టరవుతాడా, ఇంజనీరవుతాడా అండీ?" అన్నాడు. "రెండూ కాదండీ," అన్నారు మాస్టారు నిజాయితీగా. ఆ నిజాయితీ వల్ల ఆ సీటు పోయింది. తర్వాత నుంచి తల్లిదండ్రులతో మాట్లాడే పని నేనే తీసుకున్నాను. మొత్తానికి తొమ్మిది మంది చేరారు.

వాళ్లలో ఒకమ్మాయిది కడియం వైపు. తండ్రి అక్కడ ఒక నర్సరీలో పనిచేసేవాడు. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల. మూడో ఏడు ప్రాజెక్టుకి గులాబీ మొక్కల జబ్బులు తీసుకుంది. ఆరు నెలలు సెలవు రోజుల్లో నర్సరీల వెంట తిరిగి నోటు పుస్తకాలు నింపింది. ఆకు రంగేంటి, మచ్చ అంచునుందా, మధ్యనుందా, మట్టి తడిగా ఉందా, ఇలా ప్రోగ్రాం వరసగా అడుగుతుంది. జవాబులు కొడితే జబ్బేంటో చెబుతుంది. దాన్లో నా మొక్కల భాగంలో ఉన్న తప్పులు మాస్టారు పట్టుకున్నారు, ఆయన భాగంలోవి నేను పట్టుకున్నాను. ఆ సంగతి ఇద్దరం ఒప్పుకోలేదు.

వైవా రోజున ఆ అమ్మాయి తండ్రి ఒక కుండీ పట్టుకుని వచ్చాడు. చెప్పులు విడిచి, తలుపు దగ్గరే నిలబడిపోయాడు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారే లోపలికి పిలిచారు. గులాబీ మొక్క ఆకులు పసుపుగా మారి వాలిపోయి ఉన్నాయి. అమ్మాయి ఒక్కో ప్రశ్న పైకి చదువుతుంటే తండ్రి జవాబులు చెబుతున్నాడు. చివరికి స్క్రీన్ మీద జవాబు వచ్చింది. జబ్బేమీ లేదు, నీళ్లు ఎక్కువయ్యాయి.

తండ్రి పకపకా నవ్వాడు. "ఆ ముక్క నేను కుండీ చూడగానే చెబుదునండీ. దానికి మూడేళ్లు చదవాలా?"

మాస్టారు చెవుల దాకా ఎర్రబడ్డారు. అమ్మాయి తల దించుకుంది. ఆ క్షణంలో నాకు మొత్తం కోర్సే కుండీలో వాలిపోయినట్టు అనిపించింది. కానీ తండ్రి నవ్వు ఆపి, స్క్రీన్ దగ్గరికి వంగి మెల్లగా కూడబలుక్కుని ఆ వాక్యం మళ్లీ చదివాడు.

"ఇది కాగితం మీద వస్తదాండీ?" అని అడిగాడు.

"వస్తుందండీ, ఎందుకు?"

"మా నర్సరీ ఓనర్ గారికి చూపిస్తానండీ. నీళ్లు తగ్గించమని రెండేళ్ల నుంచి చెబుతున్నాను, వినడం లేదు. కంప్యూటర్ చెప్పిందంటే వింటారు."

ఎగ్జామినర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మాస్టారు స్వయంగా ప్రింటర్ దగ్గరికి వెళ్లి కాగితం తీసి, అందమైన అట్టలో పెట్టి, కాలేజీ ముద్ర కూడా వేసి ఇచ్చారు. ముద్ర వేయొచ్చా లేదా అని ప్రిన్సిపాల్ గారిని అడగలేదు. అమ్మాయికి మార్కులు వేయడంలో మాత్రం మేమిద్దరం మొదటిసారి ఒకే అంకె రాశాం.

ఓనరు నీళ్లు తగ్గించాడట. కాగితాన్ని ఆఫీసు గోడకి అంటించాడట కూడా. ఆ అమ్మాయి తర్వాత హైదరాబాదులో పీజీ చేసి, వరి మీద పరిశోధన చేసే చోట ఉద్యోగంలో చేరింది. మిగిలిన ఎనిమిది మందిలో కొందరు మామూలు సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లారు, ఇద్దరు టీచర్లయ్యారు, ఒకడు భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటున్నాడు. కోర్సు కొన్నేళ్లు బాగానే నడిచి, యూనివర్సిటీ వాళ్లు సిలబస్‌లు మార్చినప్పుడు వేరే కోర్సులో కలిసిపోయింది. అప్పుడు మాస్టారు ఒకరోజు సెలవు పెట్టారు. కారణం జ్వరమని రాశారు. నాకూ ఆ రోజు జ్వరంగానే ఉన్నట్టనిపించింది, కానీ క్లాసులున్నాయని వెళ్లాను.