మెడ మీది నలుపు

మా బంధువుల్లో వైద్యం చదివినవాళ్ళు ఒక్కరూ లేరు. కాబట్టి అందరూ వైద్యులే. చిన్నతనంలో నా మెడ వెనక చర్మం నల్లబడి మందంగా తయారైనప్పుడు, వాళ్ళంతా ఒక్క చూపుతో జబ్బు తేల్చేశారు: మురికి.

తాండూరులో మాది కందుల వ్యాపారం చేసే ఇల్లు. మా మేనత్త పక్క వీధిలోనే ఉండేది. ఆదివారం పొద్దున్నే వచ్చి, నన్ను పెరట్లో బండ మీద కూర్చోబెట్టి, శనగపిండి పట్టించి, బీరపీచుతో మెడ రుద్దేది. మంటపుట్టి ఏడిస్తే, "జర ఓర్సుకో బిడ్డా. గింత మురికి పెట్టుకొని తిరిగితే ఎవలు చూస్తరే నిన్ను?" అనేది.

నలుపు పోలేదు. పోనందుకు తప్పు నాదే అయింది. నేను ఒళ్ళు సరిగ్గా కడుక్కోనట, లావుగా ఉన్నాను కాబట్టి దాచుకుని తింటానట. మా అన్నలు నాకంటే రెండు రొట్టెలు ఎక్కువే తినేవారు. వాళ్ళది ఆకలి, నాది కక్కుర్తి. పెళ్ళిచూపులకు వచ్చిన ఒకావిడైతే నా జడ పక్కకు తీసి మరీ చూసింది. సంతలో ఎద్దు పళ్ళు చూసేవాడు కూడా ముందు దాని మెడ నిమురుతాడు.

తర్వాత నాకు వికారాబాద్‌లో టీచరు ఉద్యోగం వచ్చింది. రోజూ రైల్లో వెళ్ళి వచ్చేదాన్ని. అక్కడ ఇంకో వైద్యుడు దొరికాడు, బరువు తగ్గించే పొడి అమ్మే తోటి టీచరు. "నోరు కట్టుకోవాలె మేడం, గంతే" అన్నాడు, తన పొట్ట బల్లకు ఆనించి. కట్టుకున్నాను. అన్నం మానేసి పొడి తాగాను. బరువు తగ్గింది, ఆకలి మాత్రం పిచ్చిపట్టినట్టు పెరిగింది. కొన్నాళ్ళకు పోయిన బరువంతా, ఇంకొంత వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. "మీకు నియత్ లేదు మేడం, పట్టుదల గావాలె" అన్నాడాయన.

చివరికి విపరీతమైన నీరసంతో ఒకరోజు స్కూలు దగ్గర్లోని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. నేను నీరసం గురించి చెబుతుంటే ఆమె నా మెడ చూసింది.

"ఇది ఎప్పటిసంది ఉంది?"

"చిన్నప్పటిసంది. ఎంత రుద్దినా పోతలేదు మేడం."

"రుద్దితే పోనీకి ఇది మురికి కాదమ్మా. ఒంట్ల ఇన్సులిన్ ఎక్కువైతే చర్మం గిట్ల నల్లబడుతది."

రక్తపరీక్షలు రాసిచ్చి, ఓపికగా చెప్పింది. "కొవ్వంటే గోనెసంచిల సరుకు లెక్క ఊకెనే పడి ఉంటదనుకుంటరు. కాదు. అదీ ఒక గ్రంథి లెక్క హార్మోన్లు ఇడుస్తది. లెప్టిన్ అని ఒకటి, 'ఇగ చాలు' అని మెదడుకు చెప్తది. కొవ్వు పెరిగితే లెప్టిన్ కూడ పెరుగుతది గని, మెదడు దాని మాట ఇనుడు తగ్గిస్తది. అడిపోనెక్టిన్ అని ఇంకోటి ఇన్సులిన్‌కు సాయం చేస్తది. పొట్టల కొవ్వు పెరిగితే అది తగ్గిపోతది. అప్పుడు ఇన్సులిన్ ఎంత చెప్పినా కండరాలు, కాలేయం సరిగ్గ ఇనవు. ఇంకింత ఇన్సులిన్ కావాల్సొస్తది."

"మరి పొడి తాగి తగ్గినంక అంత ఆకలెందుకైంది?"

"కొవ్వు తగ్గంగనే లెప్టిన్ పడిపోయింది. కరువొచ్చిందనుకున్నది ఒళ్ళు. మీకు బుద్ధి లేక కాదు."

ఆ చివరి మాట అంతకుముందు ఎవరి నోటా వినలేదు. ఇంటికెళ్ళే రైలు ధారూర్ స్టేషన్ దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

పరీక్షల్లో షుగర్ గడప దాకా వచ్చి ఆగిందని తేలింది. మాత్రలు, నడక, తిండిలో మార్పులు మొదలయ్యాయి. ఆ ఆదివారం అన్నయ్య ఇంటికి వెళితే, పెరట్లో మేనత్త ఆయన కూతురి మెడ రుద్దుతోంది. పిల్ల పళ్ళు బిగబట్టి కూర్చుంది.

"అత్తా, ఆ పీచు ఇటియ్యి. అది మురికి కాదు."

"ఏందే, దవఖానకు ఒక్కసారి పొయ్యొచ్చి డాక్టర్‌వైనవా?"

"నువ్వు పోకుండనే అయినవు గద."

మర్నాడే నా మేనకోడల్ని వికారాబాద్ తీసుకెళ్ళాను. "చిన్నపిల్లకు గివన్నేంది?" అని అన్నయ్య గొణిగాడు. పిల్లకు ఇంకా షుగర్ లేదు, ఇన్సులిన్ మాత్రం ఎక్కువగానే ఉంది. ఇప్పుడు సాయంత్రాలు కబడ్డీ ఆడుతోంది. ఆడపిల్లకు ఆటలేమిటని మాట్లాడే నోళ్ళు మా ఇంట్లో ఇంకా ఉన్నాయి. అది వినదు.

నా షుగర్ దిగింది. నడుము కొంచెం తగ్గింది. సన్నబడలేదు కాబట్టి, ఆ డాక్టరమ్మకు ఏమీ రాదని మా బంధువుల తీర్పు.

మొన్న మేనత్తకే షుగర్ బయటపడింది. ఆమె చేతులు పుల్లల్లా ఉంటాయి, కొవ్వంతా పొట్టలోనే. "ఎవలిదో దిష్టి తగిలింది బిడ్డా" అంటోంది. నాకొస్తే తిండి, ఆమెకొస్తే దిష్టి. మా అన్నలు నిజమేనని తలలూపారు. ఊపి, ఆమెను వికారాబాద్ తీసుకెళ్ళే పని నాకు అప్పజెప్పారు. ఆ డాక్టరమ్మ నాకు బాగా తెలుసు కదా అట.