గేటు దగ్గర రెండు వరసలు

పోలమ్మత్త గురించి మంచి మాత్రమే రాయాలనుకునేవాడు ఆ తొమ్మిది రోజుల సమ్మె దగ్గర ఆపెయ్యాలి. మా ఊళ్లో చాలామంది అక్కడే ఆపుతారు. నేను ఆపలేను. పదో రోజున ఆ గదిలో నేనూ ఉన్నాను.

ఆవిడ మా నాన్నకు అక్క. మందస దాటి సముద్రం వైపు వెళ్తే మా ఊరు వస్తుంది. ఎకరన్నర జీడితోట, ఇంటి చుట్టూ పదమూడు కొబ్బరిచెట్లు ఉండేవి ఆవిడకి. తిత్లీ తుఫాను వచ్చి వెళ్లాక ఆ పదమూడింటిలో రెండు నిలబడ్డాయి. జీడితోట మొత్తం వేళ్లతో సహా పైకి లేచి పడుకుంది. మామయ్యకి అప్పటికే కిడ్నీలు పాడవడం మొదలైంది. నలభై నాలుగేళ్ల వయసులో పోలమ్మత్త, అంతవరకూ సొంత తోటలో జీడిపిక్కలేరుకున్న మనిషి, కాశీబుగ్గలో ఒక జీడి ఫ్యాక్టరీలో కటింగ్ పనికి చేరింది.

కటింగ్ అంటే ఉడకబెట్టిన పిక్కని మిషను మీద పెట్టి, కాలితో తొక్కి, చేత్తో లాగడం. పెంకు రెండుగా విడుతుంది, లోపలి నూనె వేళ్ల మీదికి వస్తుంది. ఎంత బూడిద రాసుకున్నా ఆ నూనె చర్మాన్ని తినేస్తుంది. రెండేళ్లకే ఆవిడ వేలిముద్రలు అరిగిపోయాయి. రేషన్ మిషను ఆవిడని గుర్తుపట్టడం మానేసింది.

ఆవిడ దాని గురించి పెద్దగా బాధపడలేదు. బాధపడింది గేటు గురించి.

సాయంత్రం సైరన్ మోగగానే ఆడవాళ్లంతా గేటు దగ్గర వరసగా నిలబడాలి. ఒక్కొక్కరూ వాచ్‌మన్ సోములు ఎదుటికొచ్చి కొప్పు విప్పి జుట్టు దులపాలి. పైట చెంగు దులపాలి. కుచ్చిళ్లు దులపాలి. అనుమానం వస్తే సోములు కర్రతో పొడిచి చూస్తాడు. పప్పు దొంగతనం జరక్కుండా ఈ ఏర్పాటు. ఎన్నేళ్ల నుంచి ఉందో ఎవరికీ గుర్తు లేదు. ఒక్క లాగుతో ఊడిపోయేలా జుట్టు ముడేసుకోవడం అక్కడ అందరికీ అలవాటైపోయింది. దానికి గేటుముడి అని పేరు. పెళ్లిళ్లలో కూడా కొందరు అదే ముడితో వచ్చేవారు.

యజమాని మురళీకృష్ణ చెడ్డవాడని నేను అనను. ఎండాకాలం గేటు బయట పశువులకి నీళ్ల తొట్టె కట్టించాడు. 'మూగజీవాలను కొట్టరాదు' అని రేకు మీద రాయించి పెట్టాడు. ఒకసారి సోములు అదే కర్రతో కుక్కని కొడితే అందరి ముందూ తిట్టాడు. ఆ సాయంత్రం పోలమ్మత్త వరసలో నిలబడి, "ఒరే సోములా, కుక్కని పొడిత్తే నీకు తిట్లు, మా కుచ్చిల్లు పొడిత్తే జీతం. బాగుందిరా నీ ఉద్యోగం," అంది. సోములు కూడా నవ్వాడు. "ఏటి సెయ్యమంతావప్పా, నా డూటీ."

నేను అప్పటికి డిగ్రీ మధ్యలో వదిలేసి ఒక సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తున్నాను. మిగిలిన టైమంతా కాశీబుగ్గ లైబ్రరీలో. అక్కడ చదివినది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నిద్రపట్టేది కాదు. వినేది పోలమ్మత్త ఒక్కతే. ఒకప్పుడు ఆస్తి ఉన్నవాడికే ఓటుండేదని, తర్వాత మగవాళ్లందరికీ వచ్చిందని, ఆ తర్వాత ఆడవాళ్లకని చెప్పాను. బావిలో చేద వెయ్యనివ్వని వాళ్లని వెయ్యనివ్వక తప్పలేదని చెప్పాను. మనుషులు ఎవరి బాధని బాధగా లెక్కేస్తారో ఆ వలయం పెరుగుతూ వస్తోందని, ఇప్పుడు సర్కస్‌లో సింహాన్ని ఆడించడానికి కూడా చట్టం ఒప్పుకోదని చెప్పాను.

ఆవిడ వేళ్లకి ఆముదం రాసుకుంటూ వింటోంది. "సింగం దాకా ఎల్లిపోయిందేటి? మరి మా గేటు దారిలోనే ఉండాల కదరా. తప్పిపోయిందా?"

ఆ మాటతోనే అర్జీ రాశాను. 'ఈ ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లందరికీ గేటు తనిఖీ తీసెయ్యాలి' అని మొదటి వాక్యం. అందరికీ అన్న మాట ఆవిడే పెట్టించింది. అర్జీకి జవాబు రాలేదు. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, సోములు ఎదుటికొచ్చిన పోలమ్మత్త కొప్పు విప్పకుండా నిలబడింది.

"బేగి ఇప్పప్పా, ఎనకాల జనం."

"ఇప్పను."

"ఏటైంది నీకు?"

"ఏం అవలేదు. ఇప్పను. నువ్వు పొడుత్తావో, మీ బాబు వచ్చి ఇప్పుతాడో మీ ఇట్టం. నానైతే ఇప్పను."

వెనక నిలబడ్డ ఆడవాళ్లు కూడా విప్పలేదు. గంటన్నర అలాగే నిలబడ్డారు. మర్నాటి నుంచి పనిలోకి వెళ్లలేదు. యూనియన్ లోకనాథ్ మూడో రోజు వచ్చి టెంటు వేయించాడు, మైకు పెట్టించాడు. ఓట్ల కథ నేను ఆ మైకులోనూ చెప్పాను.

ఆ సమ్మె నిలబడింది మాత్రం టెంటు వల్ల కాదు. రోజూ పొద్దున్నే ఇచ్ఛాపురం నుంచి పాసింజరులో ఇరవై ముగ్గురు ఆడవాళ్లు వచ్చేవారు. పీలింగ్ పని, అంటే పప్పు మీద పొట్టు తీయడం, వాళ్లది. ఫ్యాక్టరీ రిజిస్టరులో వాళ్ల పేర్లు లేవు. కాంట్రాక్టరు తీసుకొచ్చేవాడు. సమ్మె మొదలైనప్పుడు వాళ్లని నాలుగు రోజులు రావద్దన్నాడు. ఐదో రోజు రమ్మని, స్టేషన్ బయట వ్యాను పెట్టాడు. పోలమ్మత్తకి ముందే తెలిసి, నన్ను తీసుకుని ప్లాట్‌ఫాం మీదికి వెళ్లింది.

వాళ్లకి పెద్ద జ్యోత్స్న. ముప్పయ్యైదేళ్లుంటాయి. ఇంట్లో ఒడియా, బయట తెలుగు.

"మేం ఇవాల పనిలోకి ఎల్తే మీ సమ్మె అయిపోతాది కదప్పా," అంది జ్యోత్స్న.

"అయిపోతాది."

"ఎల్లకపోతే మా పొయ్యి ఆరిపోతాది."

"అదీ నిజమే."

జ్యోత్స్న కాసేపు చూసి, "మేం ఆగితే మాకేటి వస్తాది?" అంది.

"మాకొచ్చేదే మీకూ. ఒక్క ఆడమనిసి కొప్పు ఇప్పాల్సొచ్చినా నాను ఆ గేటు దాటను."

వెనక నుంచి ఒకామె ఒడియాలో ఏదో అంది. అందరూ గొల్లుమన్నారు. జ్యోత్స్న కూడా నవ్వుతూ, "నీ కొప్పులో ఎన్ని పప్పులు పడతాయో సూపించమంతందప్పా," అంది.

"నాది కొప్పేటే, నాలుగెంట్రుకలు. పిడికెడు పప్పెడితే కొప్పే ఊడిపోతాది."

ఆ రోజు వాళ్లెవరూ వ్యానెక్కలేదు. మధ్యాహ్నం బండి దాకా ప్లాట్‌ఫాం మీదే కూర్చుని తిరిగి వెళ్లిపోయారు. తర్వాతి నాలుగు రోజులు అసలు రాలేదు. ఫ్యాక్టరీలో పొట్టు తీయని పప్పు గుట్టలుగా పేరుకుపోయింది. లోడు వెళ్లాల్సిన తేదీ దాటింది. పదో రోజు మురళీకృష్ణ మాట్లాడదాం రమ్మన్నాడు.

ఆఫీసు గదిలో నలుగురమే: మురళీకృష్ణ, లోకనాథ్, పోలమ్మత్త, నేను. కాగితం ముందే టైపు చేసి ఉంది. ఆవిడకి చదువు రాదు. "మా అల్లుడు సదువుతాడు," అని నా చేతికిప్పించింది.

'రిజిస్టరులో పేర్లున్న మహిళా కార్మికులకు గేటు వద్ద తనిఖీ ఉండదు.' చదివాను. 'కాంట్రాక్టు మనుషులకు మహిళా సిబ్బంది ద్వారా తనిఖీ కొనసాగుతుంది.' ఇక్కడ ఆగాను.

"కాంట్రాక్టు మనుసులంటే ఎవులు బాబూ?" అంది పోలమ్మత్త.

"ట్రైను వాళ్లు," అన్నాడు లోకనాథ్. "వాళ్లు పట్టుకునేది తెల్ల పప్పు. మీది పెంకు పని. సార్ చెప్పేదాంట్లోనూ న్యాయం ఉంది. ముందు ఇది పట్టుకుందాం, వచ్చే ఏడు వాళ్ల సంగతి." లోకనాథ్ నా వైపు తిరిగాడు. "నువ్వు చదువుకున్నవాడివి సూర్యం. హక్కులు ప్రపంచంలో ఎక్కడైనా అందరికీ ఒకేసారి వచ్చాయా? ఒకరి తర్వాత ఒకరికి. టెంటు కింద మైకులో నువ్వు చెప్పిందే కదా."

నేను చెప్పిందే. ఆస్తి ఉన్నవాడు, తర్వాత మగవాడు, తర్వాత ఆడది. నేను చదివిన పుస్తకాల్లో అది గొప్పగా కనిపించేది. ఒక్కో మలుపులోనూ 'మీరు తర్వాత' అని ఎవరితోనో చెప్పే ఉంటారు. ఆ మాట చెప్పిన గది పుస్తకంలో ఉండదు. నేను కూర్చున్నది ఆ గదిలోనే అని నాకు తెలిసింది. తెలిసీ మిగతా కాగితం చదివేశాను.

పోలమ్మత్త కిటికీ దగ్గరికి వెళ్లింది. బయట కటింగ్ ఆడవాళ్లు గేటు నీడలో కూర్చుని ఉన్నారు. రాజీ కుదిరిందని ఎవరు చెప్పారో, అప్పటికే ఒకరి భుజం ఒకరు చరుచుకుంటున్నారు. తొమ్మిది రోజులు పస్తులున్న వాళ్లకి తిరిగి ఏం చెప్పాలో ఆవిడకి తోచలేదనుకుంటాను. వచ్చి వేలిముద్ర వేసింది. ముద్ర పడలేదు, నల్లటి మచ్చ పడింది. ఇంకోసారి వేసింది. "చాల్లే, అదే చాలు," అన్నాడు లోకనాథ్.

మర్నాడు సాయంత్రం గేటు దగ్గర రెండు వరసలు. ఒకటి ఆగకుండా నడిచి బయటికొచ్చింది. రెండోది, ట్రైను వాళ్లది, నిలబడింది. తనిఖీకి ఆడమనిషి ఇంకా దొరకలేదని, సోములు చేత వాళ్ల సంచులు మాత్రం వెతికించి పంపేశారు. బయటికొచ్చిన వాళ్లలో కొందరు స్వీట్లు పంచారు. రెండో వరసలో వాళ్లకీ ఇచ్చారు.

ఆ వారంలోనే మురళీకృష్ణ పోలమ్మత్తని పిలిచి ఆ తనిఖీ పని ఆవిడకే ఇస్తానన్నాడు. కుర్చీ ఉంటుంది. పిక్కలు కొట్టక్కర్లేదు, చేతులు మానుతాయి. మామయ్య డయాలిసిస్ రోజుల్లో ఆలస్యంగా రావచ్చు. "నువ్వైతే వాళ్లు బాధపడరు," అన్నాడట.

"నాను నిజంగా తడుముతానేటిరా?" అంది నాతో. "ఊరికే కూకుంతాను. ఎల్లండే ఎల్లండే అంతాను. ఇంకెవత్తినో కూకోబెడితే అది తడమదా?"

నాకు అది తెలివైన మాటలాగే అనిపించింది. అప్పటికి నాకు ప్రతిదీ తెలివిగానే అనిపిస్తోంది.

రెండు రోజులు ఆవిడ చెప్పినట్టే జరిగింది. గేటు పైన కెమెరా ఉంది. అందులో చూసి మూడో రోజు ఆఫీసుకి పిలిచారు. నాలుగో సాయంత్రం ఆవిడని బండి మీద మామయ్య ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలని నేను గేటు బయట నిలబడి ఉన్నాను. అందువల్ల చూశాను.

ముందు పదకొండు మంది కొప్పులు విప్పారు. ఆవిడ ఒక్కొక్కరి తల మీద అరచెయ్యి ఆనించి, కుచ్చిళ్లు దులిపించి, పంపింది. పన్నెండోది జ్యోత్స్న.

"నువ్వెల్లు," అంది పోలమ్మత్త.

జ్యోత్స్న కదల్లేదు. "ఎందుకు?"

"ఎల్లమన్నాను కదే. బండికి టైమవుతంది."

"నా ముందర పదకొండు మందిని సూసినావు. నా ఎనకాల పదకొండు మంది ఉన్నారు. నన్నొక్కదాన్నే ఎందుకు ఒదిలేత్తన్నావప్పా?"

"నువ్వు నాకు తెలిసినదానివి."

"ఈల్లు తెలీదేటి? ఆ రోజు నా పక్కన కూకున్నోల్లే కదా."

పోలమ్మత్త కెమెరా వైపు చూసింది. తర్వాత నేలవైపు. "నన్ను సంపకే," అంది మెల్లగా.

"సంపడమేటి. నీ డూటీ నువ్వు సెయ్యి." జ్యోత్స్న వెనక్కి తిరిగి ముడి లాగింది. జుట్టు నడుం దాకా జారింది. "బేగి కానీ. ఎనకాల పిల్లలు నిలబడ్డారు."

పోలమ్మత్త ఆ జుట్టులో చెయ్యి పెట్టింది. నూనెకి పగిలిన వేళ్లు, వెంట్రుకలు వాటిలో చిక్కుకున్నాయి. విడిపించుకోవడానికి కొంచెంసేపు పట్టింది. జ్యోత్స్న మెడ కదిలించలేదు. "ఏం నేదు," అంది పోలమ్మత్త. ఎవరికి చెప్పిందో తెలీదు. జ్యోత్స్న జుట్టు ముడేసుకుంటూ స్టేషన్ వైపు వెళ్లిపోయింది.

పోలమ్మత్తని బండి ఎక్కించుకున్నాను. ఆసుపత్రి మలుపు దగ్గర, నా వీపు వెనక నుంచి, "ఒరే అల్లుడా, ఆ కాగితం సదివినోడివి నువ్వే కదా," అంది. "ఆ లైను కాడ ఆగినావు. ఆగినోడివి మల్లీ ఎందుకు సదివినావురా?"

"నువ్వెందుకు వేలిముద్ర వేశావు?" అని నేనూ అడగొచ్చు. రెండూ ఒకటే ప్రశ్న.

తర్వాత ఇంకో అర్జీ రాశాను. ఈసారి ఇరవై ముగ్గురి పేర్లతో. స్టేషన్‌కి తీసుకెళ్తే జ్యోత్స్న దాన్ని పట్టుకోకుండానే, "ముందర మీ అత్త సేత వేలు పెట్టించు. అప్పుడు మేం పెడతాం," అంది. కోపంగా అనలేదు. బండి రాగానే ఎక్కింది.

అర్జీ పోలమ్మత్తకి చదివి వినిపించాను. పూర్తిగా విని, మళ్లీ ఒకసారి చదవమంది. చదివాను. కుర్చీ పనిలో చేరాక ఆవిడ వేళ్లకి కొత్త చర్మం వస్తోంది, గులాబీ రంగులో. మొన్న రేషన్ మిషను ఆవిడని మొదటిసారే గుర్తుపట్టిందని మామయ్య సంబరంగా చెప్పాడు. ఆవిడ లేచి మర్నాటి డయాలిసిస్‌కి సంచి సర్దడం మొదలుపెట్టింది: తువ్వాలు, రిపోర్టులు, బిస్కెట్లు.

"అక్కడెట్టు," అంది. "రేపు సూద్దారి."

అది జూన్‌లో మాట. ఇప్పుడు నవంబరు. కాగితం వాళ్లింట్లో టీవీ కింద ఉంది. ఆవిడ రోజూ నాలుగున్నరకి కుర్చీలో కూర్చుంటోంది.